జడ్పీ హైస్కూలు: రంగులు వేసి ఏళ్ళు గడిచాక

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడులని బాగుచేసే నాడు-నేడు పథకం 2019 నవంబరు 14న మొదలైంది. మొదటి విడతలో బాగుచేసిన పదిహేను వేలకు పైగా బడులను 2021 ఆగస్టు 16న అప్పగించారు. అప్పటి ఫొటోల్లో కనబడ్డ హైస్కూలు, ఇప్పుడు వందలమంది పిల్లలు రోజూ వాడుతున్న హైస్కూలు ఒకేలా లేవు. తేడా ఎక్కడ వచ్చింది, ఎందుకొచ్చింది అన్నదే ఈ సమీక్ష. పిల్లల్ని జడ్పీ హైస్కూల్లో చేర్చాలా అని ఆలోచించేవాళ్ళకి, తల్లిదండ్రుల కమిటీలోకి కొత్తగా వచ్చినవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాం. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ఇచ్చిన సామాను చాలావరకు మంచిదే. మూలపడినవాటిలో ఎక్కువ భాగం రెండు వందల రూపాయల ముక్క మార్చక మూలపడినవే. ఆ ముక్క మార్చాల్సింది ఎవరో రాసిపెట్టి ఉన్న బడిలో అన్నీ నడుస్తున్నాయి.

ముందు కట్టడం సంగతి. కోస్తాలో పాత హైస్కూళ్ళు చాలావరకు జిల్లా బోర్డుల కాలం నాటివి. 1959లో జిల్లా పరిషత్తులు ఏర్పడ్డాక వాటి కిందికి వచ్చాయి. ఊళ్ళో పెద్దవాళ్ళు ఇప్పటికీ బోర్డు హైస్కూలనే అంటారు. ఆ గదులకి సున్నంతో కట్టిన మందపాటి గోడలు, ఎత్తైన కప్పు, ముందు వరండా ఉంటాయి. ఒంటిపూట బడుల రోజుల్లో కొత్త స్లాబు గదులకంటే అవే నయం. వాటికి శత్రువు సిమెంటు. సున్నపు గోడ నేలలోని తేమని పీల్చుకుని గాలికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు ప్లాస్టరు, ఆపైన పుట్టీ, ఎమల్షన్ పూస్తే ఆ తేమకి బయటికి దారి ఉండదు. రెండు మూడు వానాకాలాలు తిరిగేసరికి కింద మూడడుగుల మేర ఉప్పు పొంగి, రంగు పెచ్చులుగా రాలుతుంది. మళ్ళీ రంగేస్తే మళ్ళీ రాలుతుంది, డబ్బు దండగ. ఆ మూడడుగుల వరకైనా సిమెంటు చెక్కించి సున్నపు గార చేయించి, పైన వెల్ల వేయించండి. పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోయారు గానీ పాత గుళ్ళకి మరమ్మతులు చేసేవాళ్ళని అడిగితే దొరుకుతారు.

పెద్ద హైస్కూళ్ళలో ఒక మూల పొడవాటి రేకుల షెడ్డో పెంకుల షెడ్డో ఉంటుంది. ఇప్పుడది విరిగిన బెంచీల గది. అది ఎందుకు కట్టారో చాలామందికి తెలియదు. 1952-53లో హైస్కూలు చదువుల మీద పనిచేసిన ముదలియార్ కమిషన్, హైస్కూలంటే ఒకే రకం చదువు కాకూడదనీ, సైన్సు, కామర్సు, వ్యవసాయం, సాంకేతిక విద్య, లలితకళలు, గృహవిజ్ఞానం వంటివి ఒకేచోట ఉండాలనీ చెప్పింది. అలా వచ్చినవే మల్టీపర్పస్ స్కూళ్ళు. వడ్రంగం, నేత, కుట్టు నేర్పడానికి క్రాఫ్టు టీచర్లుండేవారు. 1969-70 నుంచి రెండేళ్ళ ఇంటర్మీడియట్ వచ్చి పై తరగతులు కాలేజీలకి వెళ్ళిపోయాయి, షెడ్లకి తాళాలు పడ్డాయి. మీ బడిలో అలాంటి షెడ్డుంటే సామాను పక్కకి జరిపి ఒకసారి చూడండి. నాలుగంగుళాల మందం టేకు బల్ల, దాని అంచుకి బిగించిన ఇనుప వైస్ (కర్రని కదలకుండా పట్టి ఉంచే పనిముట్టు) బయటపడవచ్చు. తుప్పు పట్టిన మరకి కిరసనాయిలు పోసి ఒక రాత్రి నాననిచ్చి, ఇనుప బ్రష్షుతో రుద్ది గ్రీజు పెడితే మామూలుగా తిరుగుతుంది. ఇవాళ అలాంటి బల్ల చేయించాలంటే కర్ర ఖర్చే భరించలేం. దయచేసి పాత సామాను కింద వేలం వెయ్యకండి.

ఇక మరుగుదొడ్లు. బడి ఎలా ఉందో తేల్చేది ఇవే, ముఖ్యంగా ఆడపిల్లలకి. స్వచ్ఛ విద్యాలయ లెక్క ప్రకారం 40 మంది పిల్లలకి ఒక యూనిట్ ఉండాలి. నాడు-నేడులో గదులు, టైల్సు, నీళ్ళ లైను బాగానే వచ్చాయి. ఇబ్బంది ఇంటర్వెల్‌లో వస్తుంది. పది నిమిషాల్లో నూరుమంది వెళ్తే, ఒక్కో ఫ్లష్‌కి ఎనిమిది లీటర్లనుకున్నా 800 లీటర్లు. వెయ్యి లీటర్ల ట్యాంకు ఒక్కటే ఉండి, కుళాయిలకి, మరుగుదొడ్లకి అదే దిక్కయితే మధ్యాహ్న భోజనం వేళకి చేతులు కడుక్కోవడానికి చుక్క ఉండదు. నాలుగు వందలమంది బడికి మరుగుదొడ్లకే విడిగా రెండు వేల లీటర్ల ట్యాంకు, దానికి వేరే గేట్ వాల్వ్ పెట్టించండి. లీకైనప్పుడు ఆ లైనొక్కటే కట్టేసుకోవచ్చు. ట్యాంకు నిండగానే మోటారు ఆపే ఫ్లోట్ స్విచ్, బోరులో నీళ్ళు లేనప్పుడు ఆపే డ్రై రన్ కట్ఆఫ్ తప్పనిసరి. ఎండాకాలంలో బోరులో నీరు దిగిపోయినప్పుడు మోటారు ఉత్తినే తిరిగి వైండింగు కాలేది ఆ కట్ఆఫ్ లేకే.

ప్లాస్టిక్ ఫ్లష్ ట్యాంకుల్లో మొదట పోయేది లోపలి లింకు. మీటని, సైఫన్‌ని కలిపే వేలెడు ప్లాస్టిక్ ముక్క అది. పిల్లలు మీట రెండుసార్లు గట్టిగా లాగితే విరుగుతుంది. దాంతో ఆ గది వాడకం ఆగి, తలుపుకి గొళ్ళెం పడి, మిగిలిన గదుల మీద భారం పెరుగుతుంది. ఆ ముక్కలు పదీ, వాషర్లు పదీ హెచ్‌ఎం గదిలో డబ్బాలో ఉంచుకుంటే పావుగంట పని. దానికితోడు ప్రతి గదిలో మోకాలి ఎత్తున ఒక కుళాయి, బకెట్టు, మగ్గు ఉండాలి. ఫ్లష్ పాడైనా గది పాడవదు. ఆడపిల్లల గదుల్లో మూతున్న చెత్తబుట్ట లేకపోతే ప్యాడ్లు కమోడ్‌లోకి పోతాయి. అడ్డంకి ఎక్కువగా లోపల ఉండదు, బయటి మొదటి ఇన్‌స్పెక్షన్ చాంబరు మలుపులో ఉంటుంది. టైల్సు పగలగొట్టించే ముందు ఆ మూత తీసి చూడండి.

అన్నిటికన్నా ముఖ్యం మరుగుదొడ్లు శుభ్రం చేసే ఆయమ్మ. మరుగుదొడ్ల నిర్వహణ పథకం పెట్టినప్పుడు ఆమెకి నెలకి 6,000 రూపాయలన్నారు. ఆ డబ్బు చేతికందడం ఆలస్యమైన నెలల్లో మరుగుదొడ్లు ఎలా ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు. ఆమె లేని బడిలో ఎంత మంచి టైల్సున్నా వారంలో ముక్కు మూసుకోవాల్సిందే. కమిటీ సమావేశంలో మొదటి ప్రశ్న ఆయమ్మ జీతం గురించే ఉండాలని మేం గట్టిగా నమ్ముతాం.

తాగునీటి ఆర్వో యంత్రం మీద మా అభిప్రాయం మిశ్రమం. అవసరం లేనిచోట కూడా పెట్టారు. తాగునీటి ప్రమాణాల్లో టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత) లీటరుకి 500 మిల్లీగ్రాముల దాకా మంచిది, వేరే నీరు దొరక్కపోతే 2,000 దాకా ఒప్పుకుంటారు. బోరు నీరు 500 లోపుండి ఫ్లోరైడు లేకపోతే ఆర్వో అక్కర్లేదు, వడపోతా యూవీ చాలు. అయితే టీడీఎస్ మీటరు ఫ్లోరైడు గురించి ఏమీ చెప్పదు. కనిగిరి వైపో, నల్గొండ వైపో ఉండేవాళ్ళు ఆ పరీక్ష విడిగా చేయించాలి. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆర్వో ఆపకూడదు.

యంత్రం పాడయ్యేది వేసవి సెలవుల్లో, బయటపడేది జూన్‌లో. ఏప్రిల్ చివర్లో ఆపేసిన మెంబ్రేన్ (నీటిని వడపోసే పొర) తడిలో అలాగే ఉండి సూక్ష్మజీవుల జిగురు పడుతుంది. బడి తెరిచే ముందు బోరు ట్యాంకు కడిగి బ్లీచింగ్ వేస్తారు, మంచిదే. ఆ క్లోరిన్ నీళ్ళు నేరుగా ఆర్వోలోకి వెళ్తే మాత్రం మెంబ్రేన్ పనికిరాకుండా పోతుంది. కార్బన్ ఫిల్టరు కొత్తదైతే కొంత ఆపుతుంది, పాతదైతే ఆపలేదు. ట్యాంకు కడిగాక ఆ నీరంతా వదిలేసి, మామూలు నీరు నింపి, అప్పుడు ఆర్వో ఆన్ చెయ్యాలి. మొదటి గంట నీళ్ళు పారబొయ్యాలి. వృథాగా పోయే ఉప్పునీటి పైపుని మరుగుదొడ్ల ట్యాంకుకి కలిపితే రెండు పనులవుతాయి.

డ్యూయల్ డెస్కులు బాగా నిలిచాయి. ఏడాదికోసారి బోల్టులు బిగించడం, కాళ్ళకి ఊడిన రబ్బరు తొడుగులు వెయ్యడం, నేల తుడిచిన నీళ్ళు పలక అంచుకి తగలకుండా చూడటం చాలు.

2023లో వచ్చిన ఇంటరాక్టివ్ ప్యానెళ్ళు (ముట్టుకుంటే పనిచేసే పెద్ద తెరలు) భౌతికశాస్త్రానికి, జీవశాస్త్రానికి నిజంగా ఉపయోగం. గుండె గదుల్లో రక్తం ఎటునుంచి ఎటు వెళ్తుందో కదిలే బొమ్మలో చూసిన పిల్లలకి అది చెప్పించుకోవాల్సిన అవసరం ఉండదు. చిక్కల్లా సుద్దపొడి. చాలా ప్యానెళ్ళలో స్పర్శని పసిగట్టేవి అంచు చట్రం లోపలుండే ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు. పక్కనే గ్రీన్ బోర్డు తుడిచినప్పుడు రేగిన పొడి ఆ చట్రంలో పేరుకుంటే ఎవరూ ముట్టుకోకుండానే పేజీలు మారిపోతాయి, గీతలు పడతాయి. చాలామంది దాన్ని సాఫ్ట్‌వేర్ లోపమనుకుని ఫిర్యాదు పెట్టి వారాలు ఎదురుచూస్తారు. కరెంటు తీసేసి, పొడి మెత్తటి గుడ్డతో నాలుగు అంచులూ తుడిస్తే తొంభై పాళ్ళు సర్దుకుంటుంది. బోర్డు తడిగుడ్డతో తుడిచే అలవాటు చేస్తే ఈ బాధే ఉండదు. ఊళ్ళో వోల్టేజీ ఊగుతుంటే స్టెబిలైజరు లేకుండా పెట్టవద్దు.

పిల్లలు సొంతంగా వస్తువులు తయారుచేసి చూసే అటల్ టింకరింగ్ ల్యాబ్ మంజూరైన బడులు కొన్నే. మొత్తం సాయం 20 లక్షలు: పెట్టడానికి 10 లక్షలు, ఐదేళ్ళ నిర్వహణకి 10 లక్షలు. అక్కడ త్రీడీ ప్రింటరు మూలపడటానికి కారణం ఎక్కువగా తేమ. ప్రింటరు కరిగించి వాడే ప్లాస్టిక్ తీగ, అంటే ఫిలమెంట్ చుట్ట విప్పి వదిలేస్తే గాలిలో తడిని పీల్చుకుంటుంది. వేడిచేసినప్పుడు చిటపటమని బుడగలొచ్చి, 0.4 మిల్లీమీటర్ల నాజిల్ పూడిపోతుంది. సిలికాజెల్ వేసిన మూత డబ్బాలో చుట్టని ఉంచితే చాలు. ఐదేళ్ళ డబ్బు అయిపోయాక ఏం చెయ్యాలన్నది మాత్రం ఇంకా పెద్ద సమస్యే.

భోజనం గురించి ఎక్కువ ఫిర్యాదు లేదు. ఆరు నుంచి పైకి ఒక్కొక్కరికి 150 గ్రాముల బియ్యం లెక్క. 2025 జూన్ నుంచి సన్నబియ్యం రావడంతో పళ్ళెంలో వదిలేసే అన్నం బాగా తగ్గింది. చూడాల్సింది చేతులు కడుక్కునే కుళాయిలు. అవి తక్కువైతే పిల్లలు కడుక్కోకుండానే కూర్చుంటారు.

వీటన్నిటికీ డబ్బెక్కడిది? సమగ్ర శిక్ష కింద స్కూల్ కాంపోజిట్ గ్రాంటు పిల్లల సంఖ్యని బట్టి వస్తుంది. 101 నుంచి 250 మంది ఉంటే 50,000, వెయ్యి దాకా 75,000, ఆపైన లక్ష. కనీసం పదో వంతు శుభ్రతకే వాడాలి. ఆటలకి హైస్కూలుకి 25,000 దాకా విడిగా ఉంటుంది. కరెంటు బిల్లు, సుద్దలు, ప్రింటర్ ఇంకు పోగా మిగిలేది తక్కువ. అందుకే పైన చెప్పిన చిన్న భాగాలన్నీ జూన్‌లోనే ఒకేసారి కొనిపెట్టుకోమంటున్నాం. విడివిడిగా మనిషిని పిలిపిస్తే సామానుకంటే కూలే ఎక్కువవుతుంది.

చివరిగా ఎవరూ సౌకర్యమనుకోని సౌకర్యం, అడ్మిషన్ రిజిస్టరు. స్థానికత నిరూపించడానికి నాలుగు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. యాభై ఏళ్ళ కిందట చదివినవాళ్ళు కూడా పుట్టినతేదీ కోసం ఈ రిజిస్టరు దగ్గరికే వస్తారు. చెదలు పట్టకుండా గోడకి ఆనించని ఇనుప బీరువాలో, నేలకి అడుగెత్తున ఉంచాలి. చిరిగిన పేజీలకి లామినేషన్, సెల్లో టేపు వద్దు, కాగితం పసుపెక్కి పెళుసవుతుంది. ప్రతి పేజీ స్కాన్ చేయించి రెండుచోట్ల దాచండి.

పదో తరగతి పిల్లలున్నవాళ్ళు నామినల్ రోల్ (పరీక్ష రాసేవాళ్ళ వివరాల జాబితా) పంపే ముందే బడికి వెళ్ళి పేరు, ఇంటిపేరు, తండ్రి, తల్లి పేర్ల ఇంగ్లీషు అక్షరాలు, పుట్టినతేదీ, రెండు పుట్టుమచ్చలు మీరే చదివి సంతకం పెట్టండి. ఆధార్‌లో ఒకలా, రిజిస్టర్లో ఒకలా ఉంటే అప్పుడే హెచ్‌ఎం గారికి చెప్పండి. మెమో అచ్చయ్యాక ఒక్క అక్షరం మార్చాలన్నా ఆఫీసుల చుట్టూ తిరగాలి.