మాట్లాడే బొమ్మా, అమ్మమ్మా: పిల్లకు ఏది మేలైన తోడు?

అమెరికాలో ఉంటున్న మనవాళ్ళ ఇళ్ళల్లో ఈ ప్రశ్న ఈమధ్య తరచుగా వినిపిస్తోంది. అమ్మమ్మో నాయనమ్మో విజిటర్ వీసా మీద వస్తుంది, ఆరు నెలలు ఉంటుంది, వెళ్ళిపోతుంది. అమ్మానాన్నలిద్దరూ లాప్‌టాప్‌ల ముందు. పిల్ల ఒక్కతే. పుట్టినరోజుకి మాట్లాడే రోబో కొందామా అన్న మాట అప్పుడే వస్తుంది. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలోనూ వస్తోంది. ఐఐటీ బాంబేలో చదివినవాళ్ళు ముంబైలో పెట్టిన కంపెనీ చేసే ‘మీకో’ (Miko) అనే రోబో మనకు ఇక్కడే దొరుకుతుంది కదా.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏదైనా నేర్పడానికి, వల్లె వేయించడానికి బొమ్మ పనికొస్తుంది. తోడుకి మాత్రం మనిషే కావాలి. ఆ మనిషి ఫోన్ తెరలో ఉన్నా సరే, బొమ్మకన్నా మేలే.

బొమ్మ బలాలు తక్కువేం కాదు. దానికి విసుగు లేదు, ఒకే కథ పదిసార్లు చెప్పమన్నా చెబుతుంది. ఇంగ్లీషు మాట తప్పు పలికితే నవ్వదు. నలుగురిలో నోరు విప్పలేని పిల్లలు ముందు దాని దగ్గర మాట్లాడి చూసుకోవచ్చు. కాలిఫోర్నియాలోని ఎంబాడీడ్ అనే కంపెనీ 2020లో తెచ్చిన మోక్సీ రోబో అలాంటిదే. ఐదు నుంచి పదేళ్ళ పిల్లలకు నలుగురితో మెలగడం, మనసులో మాట చెప్పుకోవడం నేర్పాలని దాన్ని తయారుచేశారు. ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు కొందరు దానివల్ల మేలు జరిగిందని చెప్పారు. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోను. జ్ఞాపకశక్తి సంగతికొస్తే బొమ్మదే పైచేయి. స్నేహితురాలి పేరు అమ్మమ్మ మూడుసార్లు మర్చిపోతుంది, బొమ్మ మర్చిపోదు.

మనుషుల వైపు శాస్త్రం ఏం చెబుతుందో కూడా చూడాలి. 2003లో సియాటిల్‌లో పాట్రీషియా కూల్ అనే పరిశోధకురాలి బృందం తొమ్మిది నెలల అమెరికన్ పసివాళ్ళకు చైనీస్ భాష వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడిన పన్నెండు సెషన్లలోనే పిల్లలు ఆ భాష ధ్వనుల్లో తేడాను పట్టేశారు. అవే మాటలు టీవీలో చూసినవాళ్ళకు ఏమీ అబ్బలేదు. ఇది చదవగానే ‘చూశారా, మనిషే గొప్ప’ అనేయడం సులువు. కానీ 2014లో వచ్చిన ఇంకో అధ్యయనంలో రెండేళ్ళు దాటిన పిల్లలు వీడియో కాల్‌లో మనిషి నుంచి కొత్త మాటలు నేర్చుకున్నారు. రికార్డు చేసిన వీడియో నుంచి నేర్చుకోలేదు. అంటే తన మాటకు, తన చూపుకు అవతలి నుంచి జవాబు రావడం ముఖ్యం. మరి జవాబు ఇప్పటి బొమ్మలూ ఇస్తున్నాయి. కాబట్టి జవాబు ఒక్కటే చూస్తే తేడా తేలదు.

తేడా ఎక్కడుందో నాకు మా అక్క కూతురి ఇంట్లో కనపడింది. డాలస్ దగ్గర ఉంటారు. ఆరేళ్ళ పాప, తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో వస్తుంది. అక్కకు ఇంగ్లీషు రాదు. ఇద్దరూ షాపుకి వెళ్ళినప్పుడు అక్క ‘మెంతులు ఎక్కడున్నాయో అడుగమ్మా’ అంటే అడిగేది పాప. షాపులో అమ్మాయి చెప్పింది తెలుగులోకి మార్చి చెప్పాల్సిందీ పాపే. ‘అమ్మమ్మా, లేవంట, రేపు వస్తాయంట’ అని మొత్తం వాక్యం తెలుగులో పలికింది. అమ్మ అడిగితే రాని తెలుగు అమ్మమ్మకు అవసరం పడేసరికి వచ్చింది. కళ్ళజోడు వెతికిపెట్టడం, టీవీ రిమోట్ నొక్కిపెట్టడం, మాత్రల డబ్బాలో ఇవాళ్టి గడి చూపించడం, ఇవన్నీ పాప పనులే.

బొమ్మకు పిల్లతో ఏ అవసరమూ లేదు. చార్జింగ్ పెడితే చాలు. తనవల్ల ఇంకో మనిషికి పని జరిగిందన్న ఆనందం దాని దగ్గర దొరకదు. ‘నాకు నీతో పని ఉంది’ అని దానితో పలికించవచ్చు, అలా పలికే బొమ్మలు వస్తాయి కూడా. అయినా పిల్ల చేయకపోతే దానికి జరిగే నష్టమేమీ లేదు. పిల్లలు ఈ సంగతి మనం అనుకున్నదానికన్నా త్వరగానే పసిగడతారు.

ఇంకొకటి, అలక. అట్టపెట్టె మీద గళ్ళు గీసి, గవ్వలు లేక పిస్తా పెంకులతో అష్టాచెమ్మా ఆడుతున్నారు ఇద్దరూ. పాప పెంకులు మళ్ళీ వేస్తానంది, అక్క ఒప్పుకోలేదు. కాయ చచ్చింది. ‘నీతో కటీఫ్’ అని పాప సోఫా వెనక్కి పోయింది. అక్క బుజ్జగిస్తుందనుకున్నాను. ఆమెకూ కోపం వచ్చింది, లేచి వంటింట్లోకి వెళ్ళింది. కాసేపటికి పాప పిస్తా పెంకులు గుప్పిట్లో పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడింది. ‘ఈసారి నువ్వే ముందు వెయ్యి’ అంది. అక్క ఆ పూట పాపకు సారీ చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు. పోయి కూర్చుని ఆడింది.

ఎడ్వర్డ్ ట్రానిక్ అనే మనస్తత్వవేత్త తల్లీబిడ్డల మధ్య కదలికలను క్షణక్షణం గమనించి ఒక సంగతి చెప్పారు. చక్కగా పెంచుతున్న తల్లికి కూడా బిడ్డతో తాళం కుదిరేది సుమారు మూడో వంతు సమయమే. మిగతాదంతా తప్పిపోవడం, మళ్ళీ అందుకోవడం. అలా అందుకోవడంలోనే బిడ్డకు నమ్మకం ఏర్పడుతుందని ఆయన అంటారు. అలగని బొమ్మ దగ్గర ఈ సాధన ఎలా జరుగుతుంది? అది ప్రతిదానికీ ‘సరే’ అంటుంది, మన పిల్లను మెచ్చుకుంటుంది, మళ్ళీ మాట్లాడేలా చూసుకుంటుంది. తయారుచేసినవాళ్ళకు కావాల్సింది అదే.

కాస్త పెద్ద పిల్లల దగ్గర ఇది ప్రాణం మీదికి వచ్చింది. ఫ్లోరిడాలో 14 ఏళ్ళ అబ్బాయి క్యారెక్టర్ ఏఐ అనే చాట్‌బాట్ యాప్‌లోని ఒక పాత్రతో నెలల తరబడి మాట్లాడుతూ వచ్చి, 2024 ఫిబ్రవరిలో ఆత్మహత్య చేసుకున్నాడు. తల్లి కోర్టుకెక్కింది. 2025 నవంబర్‌కల్లా ఆ కంపెనీ 18 ఏళ్ళలోపువాళ్ళకు అలాంటి సంభాషణలు ఆపేసింది. టీనేజి పిల్లల విషయంలో నాకు రెండో ఆలోచన లేదు: స్నేహితుడిలా నటించే చాట్‌బాట్ వద్దు.

ఇక వెళ్ళిపోవడం సంగతి. బొమ్మా వెళ్ళిపోతుంది, అమ్మమ్మా వెళ్ళిపోతుంది. 2024 డిసెంబర్‌లో మోక్సీ కంపెనీ, రావాల్సిన పెట్టుబడి రాక, మూతపడుతున్నట్టు ప్రకటించింది. దాని మాటలన్నీ కంపెనీ సర్వర్ల నుంచి వచ్చేవి, కాబట్టి రోబో కూడా మూగబోతుందన్నారు. 799 డాలర్లు పెట్టి కొన్న తల్లిదండ్రులకు, పిల్లలకు ఎలా చెప్పాలో వివరిస్తూ ఒక ఉత్తరం పంపారు. పిల్లలు ఏడ్చిన వీడియోలు అప్పట్లో చాలామంది చూశారు. తర్వాత సొంత కంప్యూటర్ మీద నడుపుకునే దారి ఒకటి చూపించారు, అది అందరు తల్లిదండ్రులకూ చేతనయ్యేది కాదు.

అమ్మమ్మ విమానమెక్కిన రోజు కూడా పిల్ల అంతే ఏడుస్తుంది, ఇంకా ఎక్కువే ఏడుస్తుంది. అయితే ఇక్కడ అవతలి వైపు కూడా ఒకరు బెంగపెట్టుకుంటారు. ఆ సంగతి పిల్లకు తెలుసు. ‘అమ్మమ్మ నాకోసం ఏడుస్తోందా?’ అని అడిగితే మనం నిజంగానే ‘అవును’ అనగలం. బొమ్మ గురించి అడిగితే ఏమనగలం? ఒక మనిషికి మారుగా ఇంకోటి ఎందుకు పనికిరాదో నన్నడిగితే, నేను చూపించేది దీన్నే. మనం లేని లోటు అవతలివాళ్ళకూ ఉండాలి.

అందుకే వీడియో కాల్‌కి నేను రెండో స్థానం ఇస్తాను. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లో ఏడాదిన్నర లోపు పిల్లలకు తెరలు వద్దంటూనే వీడియో కాల్‌ను మినహాయించింది. డాలస్‌లో రాత్రి 8 అయితే మనకు మర్నాడు పొద్దున ఏడున్నర, అక్కడి వేసవిలో ఆరున్నర. పిల్ల పడుకునే ముందు, అమ్మమ్మ కాఫీ వేళ. కుదురుతుంది. పక్కింటి పిల్లలతో ఆటకు అంతకన్నా ముందు స్థానమే. కొట్టుకున్నా, ఏడ్చినా సరే. అమ్మమ్మ లేని ఇంటికి మొదటి దారి అదే.

అయినా బొమ్మ కొంటామంటే కొన్నాక కాదు, కొనేముందే కొన్ని చూసుకోండి. ఇంటర్నెట్ తీసేస్తే ఎంతవరకు పనిచేస్తుంది, నెలనెలా చందా ఉందా, పిల్ల గొంతు ఎక్కడ దాస్తారు? కైలా అనే మాట్లాడే బొమ్మను రహస్యంగా వినే పరికరమంటూ జర్మనీ 2017లో నిషేధించింది. 2025లో కుమ్మా అనే ఏఐ ఎలుగుబంటి బొమ్మ అగ్గిపుల్లలు, కత్తుల దగ్గర మొదలుపెట్టి పిల్లలతో మాట్లాడకూడని విషయాల దాకా వెళ్ళిందని పరీక్షలో తేలితే కొద్ది రోజులు అమ్మకాలు ఆపారు. కొన్న బొమ్మను హాల్లో పెట్టండి, పడకగదిలో వద్దు.

వీడియో కాల్‌లో మాత్రం ‘అమ్మమ్మకు హాయ్ చెప్పు’ అని ఫోన్ పిల్ల మొహానికి పెట్టి వదిలేయకండి. ఆ వయసు పిల్లకు ‘ఎలా ఉన్నావు’కి జవాబు ఉండదు. ఒక పని పెట్టండి. అమ్మమ్మ ఊళ్ళో రేపు వాన ఉందో లేదో చూసి చెప్పమనండి, ఆమె మాత్ర వేసుకుందో లేదో రోజూ అడగమనండి. అట్టపెట్టె మీద గళ్ళు రెండు చోట్లా గీసుకుంటే అష్టాచెమ్మా కూడా సాగుతుంది, అమ్మమ్మ కాయను పిల్లే జరపాలి.