స్టాఫ్ కోసం జాబ్ సైట్లలో ఏడాది ప్యాకేజీ కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

షాపుకో, చిన్న కంపెనీకో మనుషులు కావాలని జాబ్ సైట్లకు డబ్బు కట్టబోయేవాళ్లు జాగ్రత్త. పేరు పక్కన ‘వెరిఫైడ్’ అని కనిపించే పచ్చ టిక్కును నమ్మి కట్టొద్దు. మేం కట్టిన సైటులో ఆ టిక్కు వచ్చిందంటే, ఆ మనిషి ఫోన్‌కి వచ్చిన ఓటీపీ కొట్టాడని, అంతే. చదువు, అనుభవం ఎవరూ చూడలేదు.

మాది విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ హోల్‌సేల్. అకౌంటెంట్ మానేయడంతో ట్యాలీ, జీఎస్టీ తెలిసినవాళ్లు అర్జెంటుగా కావాల్సి వచ్చింది. ప్రతి నెలా 20కల్లా 3బీ (నెలవారీ జీఎస్టీ రిటర్న్) వేయాలి కదా, ఆ టెన్షన్ వ్యాపారం చేసేవాళ్లకి తెలుసు. సైటు సేల్స్ అబ్బాయి ఒకటే ఫోన్లు. “అందరూ వెరిఫైడ్ క్యాండిడేట్లే సార్, నచ్చకపోతే రీప్లేస్‌మెంట్ ఇస్తాం, డిస్కౌంట్ ఇవాళ్టివరకే.” ప్యాకేజీ రేటు మీద 18 శాతం జీఎస్టీ అదనం.

తీరా చూస్తే చాలావరకు పాత రెజ్యూమేలు. ఫోన్ చేస్తే “నేను ఎప్పుడో ఉద్యోగంలో చేరిపోయానండీ” అనేవాళ్లు, రాంగ్ నంబర్లు. అవతలివాళ్లు ఎత్తినా ఎత్తకపోయినా, నంబరు తెరిచిన ప్రతిసారీ ప్యాకేజీలో ఇచ్చిన క్రెడిట్లలో (ఇన్ని నంబర్లు చూడొచ్చన్న లెక్క) ఒకటి మాత్రం కట్.

చివరికి ఒకబ్బాయి వీడియో ఇంటర్వ్యూలో జీఎస్టీ గురించి గడగడా చెప్పాడు. కెమెరా మసకగా ఉంది, నెట్ బాలేదన్నాడు. చేరిన రోజు 2బీ (సప్లయర్లు మన పేరు మీద జీఎస్టీలో చూపిన బిల్లుల జాబితా) ముందు పెట్టి, మన కొనుగోళ్ల రిజిస్టరుతో సరిచూడమన్నాం. ఏ సప్లయర్ బిల్లు అందులో పడలేదో పట్టుకోవాలి, అకౌంటెంట్‌కి రోజూ ఉండే పనే. అతను స్క్రీన్ వైపు చూస్తూ ఉండిపోయాడు. గొంతు కూడా ఇంటర్వ్యూలో విన్నది కాదు. వేరేవాళ్లతో ఇంటర్వ్యూ ఇప్పించారన్నమాట. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఇలాంటివి జరుగుతాయని విన్నాం గానీ, ఇది ఆటోనగర్ దాకా వచ్చేసింది.

సైటువాళ్లను అడిగితే “మేం ప్రొఫైల్స్ చూపిస్తాం, మనిషి బాధ్యత మాది కాదు” అన్నారు. రీప్లేస్‌మెంట్ మాట ఒప్పందంలో ఎక్కడా లేదు, ఫోన్లో చెప్పిందే. ఇంకో చిక్కు కూడా ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపార అవసరానికి కొన్న సేవలను మినహాయిస్తుంది. సొంతంగా పని చేసుకుని బతికేవాళ్లకు కొంత వెసులుబాటు ఉంది గానీ, సంస్థ పేరు మీద బిల్లు తీసుకుంటే అవతలివాళ్లు ముందు పట్టుకునేది ఈ పాయింటునే. అందుకే సేల్స్‌వాళ్లు చెప్పిన ప్రతి మాటనూ డబ్బు కట్టకముందే ఈమెయిల్‌లో రాయించుకోండి. రాయనంటే కట్టకండి.

ఆన్‌లైన్ అసలు పనికిరాదని అనను. గేటుకు బోర్డు కడితే చుట్టుపక్కలవాళ్లే వస్తారు. అదే ఆన్‌లైన్‌లో పెడితే నూజివీడు, గుడివాడ నుంచి కూడా అడుగుతారు. పిల్లలు పెద్దయ్యాక మళ్లీ పనిలోకి రావాలనుకునే అనుభవం ఉన్న ఆడవాళ్లు దొరుకుతారు. మాకు ఇప్పుడు పని చేస్తున్న అమ్మాయి అలా వచ్చిందే, అదీ ఒక్క ఉద్యోగానికి పెట్టిన ఉచిత ప్రకటన చూసి. కేంద్ర ప్రభుత్వ నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్లో కూడా ఉచితంగా పెట్టుకోవచ్చు. ముందు అక్కడ చూడండి. తప్పదంటే నెల ప్యాకేజీ తీసుకోండి, ఏడాదిది వద్దు.

అనుభవం ఉందని చెప్పేవాళ్లకు పీఎఫ్ ఉంటే, ఈపీఎఫ్ఓ సైటులో వాళ్ల సర్వీస్ హిస్టరీ వాళ్ల చేతే తెరిపించి చూడండి. ఎక్కడ ఎప్పటినుంచి ఎప్పటిదాకా చేశారో అందులో ఉంటుంది. పీఎఫ్ లేని చిన్న షాపుల్లో చేసినవాళ్లయితే పాత యజమానికి మీరే ఫోన్ చేయండి. ఇంటర్వ్యూ వీడియోలో చేసినా, పని మాత్రం ఒక పూట మీ ఎదురుగా కూర్చోబెట్టి చేయించి చూడండి, ఆ పూటకి డబ్బులిచ్చి మరీ.

ప్యాకేజీ యూపీఐలో కట్టినవాళ్లు ఇప్పుడే యాప్‌లో ఆటోపే తెరిచి చూడండి. రెన్యువల్ ఆన్‌లో ఉంటే రద్దు చేయండి. డబ్బు కోతకు 24 గంటల ముందు మెసేజ్ వస్తుంది గానీ, పని హడావుడిలో దాన్ని చూసేదెవరు?