ఈఎస్‌పీ32, నాలుగు రిలేల మాడ్యూలు: స్మార్ట్ హోమ్ ప్రాజెక్టుకు కొనొచ్చా?

బీటెక్ చివరి ఏడాది స్మార్ట్ హోమ్ ప్రాజెక్టు అంటే కోఠి గుజరాతీ గల్లీలో చేతికొచ్చే సరంజామా దాదాపు ఒకటే: వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ బోర్డు ఈఎస్‌పీ32, అది చెప్పినట్టు 230 వోల్టుల కరెంటుని ఆన్, ఆఫ్ చేసే నాలుగు రిలేల మాడ్యూలు, చిన్న 5 వోల్టుల సప్లై. అంతా కలిపి సుమారు వెయ్యి రూపాయలు. సాఫ్ట్‌వేర్‌కి బోర్డులో నడిచే ఈఎస్‌పీహోమ్, ఫోన్ నుంచి అన్నిటినీ నడిపించే హోమ్ అసిస్టెంట్. రెండూ ఉచితమే, ఇంటర్నెట్ పోయినా ఇంటి వైఫై మీద నడుస్తాయి. హోమ్ అసిస్టెంట్‌కి మాత్రం ఎప్పుడూ ఆన్‌లో ఉండే పాత ల్యాప్‌టాప్‌ గానీ రాస్‌ప్‌బెర్రీ పై (చిన్న కంప్యూటర్ బోర్డు) గానీ కావాలి, ఆ ఖర్చు వేరు.

ఈఎస్‌పీ32కి పెద్దగా వంక పెట్టలేం. పిన్నులు చూసుకుంటే చాలు. 34 నుంచి 39 వరకు ఇన్‌పుట్‌కే పనికొస్తాయి, 6 నుంచి 11 ఫ్లాష్ మెమరీవి, 12 బూటయ్యేటప్పుడు హైలో (3.3 వోల్టుల దగ్గర) ఉంటే బోర్డు లేవదు. రిలేలకు 25, 26, 27, 33 ఇచ్చేయండి.

తలనొప్పంతా రిలే మాడ్యూలుతోనే. దాన్ని 5 వోల్టుల లాజిక్‌కి చేశారు, పిన్ను ‘లో’ (0 వోల్టులు) అయితే రిలే ఆన్ అవుతుంది. ఈఎస్‌పీ32 హై ఇచ్చినా 3.3 వోల్టులే కాబట్టి మిగిలిన 1.7 వోల్టులకి ఆప్టోకప్లర్ (సిగ్నల్‌ని కాంతితో రిలే వైపు చేర్చే భాగం) పూర్తిగా ఆరదు, కొన్ని మాడ్యూళ్లలో రిలే ఆఫే కాదు. రిలే కాయిళ్ల సప్లై పిన్ను జేడీ-వీసీసీని వీసీసీతో కలిపే జంపర్ (చిన్న క్లిప్పు) పీకేసి, జేడీ-వీసీసీకి 5 వోల్టులు, వీసీసీకి 3.3 వోల్టులు ఇస్తే కుదురుకుంటుంది. ఆ జంపర్ లేని మాడ్యూలు చవగ్గా వస్తున్నా వద్దు.

సప్లై దగ్గర కక్కుర్తి పడకూడదు. ఒక్కో కాయిల్ 70 మిల్లీ ఆంపియర్ల పైన తీసుకుంటుంది, నాలుగూ కలిస్తే 300 దగ్గర. వైఫై ప్రసారంలో ఈఎస్‌పీ32 ఇంకో 240 దాకా లాగుతుంది. 600 మిల్లీ ఆంపియర్ల హెచ్‌ఎల్‌కే-పీఎం01 సప్లై అంచున నడుస్తుంటుంది. నాలుగో రిలే పడగానే సీరియల్ మానిటర్‌లో (బోర్డు సందేశాలు కంప్యూటర్‌లో కనిపించే విండో) బ్రౌనౌట్, అంటే వోల్టేజీ పడిపోయింది అని కనిపించి బోర్డు రీసెట్ అయిందంటే కారణం ఇదే. 1 ఆంపియర్ సప్లై, బోర్డు పక్కనే 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి.

ఇక వాడకం సంగతి. ఫోన్ లేనివాళ్లు లైటు ఎలా వేస్తారు? చాలా ప్రాజెక్టులు ఇక్కడే చతికిలబడతాయి. దారులు రెండు. రిలేని టూవే స్విచ్‌తో మెట్ల వైరింగ్‌లా కలిపితే ఈఎస్‌పీ32 చచ్చిపోయినా లైటు వెలుగుతుంది, కానీ లైటు ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో యాప్‌కి తెలియదు. స్విచ్‌ని నేరుగా పిన్నుకి ఇస్తే (18, 19, 21, 22 బాగుంటాయి) యాప్‌లో స్థితి సరిగ్గా కనిపిస్తుంది, బోర్డు పోతే మాత్రం చీకటే. పెద్దవాళ్లున్న ఇంటికి మొదటిదే మేలు. రెండో పద్ధతిలో స్విచ్ వైరు 230 వోల్టుల వైర్ల పక్కన నడిస్తే లైట్లు వాటంతటవే వెలుగుతాయి. 10 కిలోఓముల పుల్‌అప్ (పిన్నుని హైలో పట్టి ఉంచే రెసిస్టర్), 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, సాఫ్ట్‌వేర్‌లో 50 మిల్లీసెకన్ల ఫిల్టర్ పెడితే ఆ దయ్యం వదులుతుంది.

ఈఎస్‌పీహోమ్‌లో రెండు సెట్టింగులు మార్చాలి. హోమ్ అసిస్టెంట్ గానీ వైఫై గానీ 15 నిమిషాలు దొరక్కపోతే బోర్డు తనే రీబూట్ అవుతుంది, రిలేలు టకటకమంటాయి. ఏపీఐ (హోమ్ అసిస్టెంట్‌తో కనెక్షన్), వైఫై రెండింటి కిందా రీబూట్ టైమ్‌అవుట్‌ని సున్నా చేయండి. కరెంటు పోయి వచ్చాక ఫ్యాను ముందున్నట్టే తిరగాలి, పడగ్గది లైటు ఆఫ్‌లోనే ఉండాలి, కాబట్టి రీస్టోర్ మోడ్ ఒక్కోదానికి విడిగా పెట్టుకోవాలి. స్థితి ఫ్లాష్‌లోకి నిమిషానికోసారే చేరుతుంది, స్విచ్ వేసిన అర నిమిషానికే కరెంటు పోతే పాత స్థితే తిరిగొస్తుంది.

రిలే మీద 10 ఆంపియర్లని రాసి ఉన్నా 2 కిలోవాట్ల గీజరు వద్దు. 8.7 ఆంపియర్లు గంటల తరబడి పారితే మాడ్యూలు బోర్డు మీది సన్నటి రాగి ట్రాకులు వేడెక్కుతాయి. లైట్లు, ఫ్యాన్ల వరకే ఉంచండి. ఫ్యాను వేగం దీంతో మారదు, రెగ్యులేటర్ అలాగే ఉండనివ్వండి. మాడ్యూలు అడుగున 230 వోల్టుల సోల్డర్ చుక్కలు బయటికే ఉంటాయి. డెమో టేబుల్ మీదైనా మూతున్న ప్లాస్టిక్ పెట్టెలోనే బిగించండి, కరెంటు వచ్చే వైపు 6 ఆంపియర్ల ఎంసీబీ (ట్రిప్పయ్యే స్విచ్) పెట్టండి.