కింగ్ రాంచ్‌కి వెళ్తే ముందు మ్యూజియం చూడండి

గుర్రాల మీద కౌబాయ్‌ల విన్యాసాలు ఊహించుకుని దక్షిణ టెక్సస్‌లోని కింగ్ రాంచ్‌కి వెళ్తే డబ్బు దండగ అనిపిస్తుంది. మొత్తం 8,25,000 ఎకరాలైతే టూర్‌లో చూపించేది అందులో చిన్న ముక్క, అదీ బస్సు కిటికీలోంచి. పెద్ద బంగళాని బయటినుంచి చూసి తృప్తిపడాల్సిందే. అదే, 1853 నుంచి ఒకే కుటుంబం చేతిలో ఉన్న పశువుల రాంచ్ కథేంటో తెలుసుకుందామని వెళ్తే మాత్రం గిట్టుబాటే. మా ఇంట్లో రెండు రకాలవాళ్లూ ఉన్నారు కాబట్టి తిరుగు ప్రయాణంలో కారులో రెండు పార్టీలయ్యాయి.

నా సలహా, ముందు కింగ్స్‌విల్ ఊళ్లోని మ్యూజియం చూడండి. పాత ఐస్ ఫ్యాక్టరీ భవనంలో ఉంటుంది. అది చూడకుండా బస్సెక్కితే గైడు చెప్పే పేర్లన్నీ కలగాపులగం అయిపోతాయి. పిల్లలకి అక్కడ బాగా నచ్చింది 1949 నాటి బ్యూక్ వేటకారు. రాంచ్ యజమానుల కుటుంబమైన క్లేబర్గ్‌ల కోసం ప్రత్యేకంగా చేయించింది. నేను మాత్రం పాత ఫొటోల దగ్గరే ఆగిపోయాను.

రాంచ్ మొదలుపెట్టిన రిచర్డ్ కింగ్ న్యూయార్క్‌లో పుట్టిన ఐరిష్ వాళ్ల అబ్బాయి. నగల పని నేర్చుకోమని పెడితే పారిపోయి దొంగతనంగా ఓడెక్కేశాడు. తర్వాత రియో గ్రాండే నదిలో స్టీమర్లు నడిపి డబ్బు కూడబెట్టి, 15,500 ఎకరాలు 300 డాలర్లకి కొన్నాడు. ఎకరానికి రెండు సెంట్లు కూడా పడలేదు! 1885లో పోయేనాటికి భూమి ఆరు లక్షల ఎకరాలు దాటింది. దాంతోపాటు భార్య హెన్రియెట్టాకి మిగిల్చింది 5 లక్షల డాలర్ల అప్పు. ఆవిడ, అల్లుడు రాబర్ట్ క్లేబర్గ్ కలిసి దాన్ని గట్టెక్కించారు. ఈ అల్లుడి కథ భలే ఉంటుంది. కోర్టులో కింగ్‌కి వ్యతిరేకంగా వాదించి గెలిచిన లాయరు. ఇలాంటోడు మనవైపు ఉండాలనుకుని కింగే పనిలో పెట్టుకున్నాడు. ఆయన పోయిన మరుసటి ఏడు చిన్నకూతురు ఆలిస్‌తో పెళ్లయింది. 1904లో రైలొచ్చాక పుట్టిన ఊరే కింగ్స్‌విల్.

యజమానుల వంశం ఒక్కటే చూస్తే మాత్రం సగం కథే. 1854లో కరువొచ్చినప్పుడు కింగ్ మెక్సికోలోని క్రుయాస్ అనే ఊరికి వెళ్లి పశువుల్ని కొన్నాడు. పశువులు పోయాక ఆ ఊరివాళ్లకి బతుకుతెరువేముంది? మీరూ వచ్చేయండన్నాడు. పిల్లాజెల్లా సామాను సర్దుకుని వచ్చేశారు. వాళ్లనే కినేన్యోలు అంటారు, అంటే కింగ్ మనుషులని. తాత, తండ్రి, కొడుకు అందరూ ఇక్కడే పనిచేసిన కుటుంబాలు చాలా ఉన్నాయి. 1925లో హెన్రియెట్టా అంత్యక్రియలకి సుమారు 200 మంది గుర్రాల మీద వచ్చి, ఒక్కొక్కరూ సమాధి గుంత చుట్టూ ఒక్కో చుట్టు తిరిగి వెళ్లారట. భక్తా, తరతరాల కట్టుబాటా అని మా ఆవిడ అడిగింది. రెండూ ఉంటాయనే నా లెక్క.

బస్సులో అందరికంటే హుషారుగా ఉన్నది మా మామయ్యగారు. ఎర్రటి సాంటా గెర్ట్రూడిస్ జాతి ఆబోతు కనిపించగానే, "ఆ గంగడోలు చూశావా బాబూ, మన ఒంగోలు పోలిక కొడుతోంది" అన్నారు. అందులో నిజం లేకపోలేదు. ఇంగ్లండు షార్ట్‌హార్న్ ఆవులు ఇక్కడి ఎండకీ పిడుదులకీ తట్టుకోలేకపోతుంటే, వాటిని బ్రాహ్మన్ ఆబోతులతో దాటించారు. బ్రాహ్మన్ జాతిని అమెరికాలో తయారుచేసింది గిర్, గుజరాత్ పశువులతోపాటు మన ఒంగోలు రక్తంతోనే. ఆ సంకరంలో 1920లో పుట్టిన మంకీ అనే ఆబోతు సంతానమే ఈ జాతి. 1940లో అమెరికా ప్రభుత్వం దీన్ని ప్రత్యేక జాతిగా గుర్తించింది. రాంచ్‌లో నీల్గాయిలు కూడా తిరుగుతాయి, 1930 ప్రాంతంలో తెచ్చి వదిలినవాటి సంతతి. మాకు కనబడలేదు. అవి కావాలంటే మామూలు టూర్ కాదు, జంతువులూ పక్షులూ చూపించేవి దొరుకుతాయేమో ముందే ఫోన్ చేసి అడగండి.

బస సంగతి. రాత్రికి కింగ్స్‌విల్‌లో ఒక మోటెల్‌లో దిగాం. ఏసీ ఆగి ఆగి లారీ స్టార్టయినట్టు మోగుతుంటే ఎవరికీ నిద్ర లేదు. ఉదయం టిఫిన్ అంటే ప్యాకెట్ మఫిన్లు. ఇంకొకరికి చెప్పాల్సి వస్తే సుమారు 45 మైళ్ల దూరంలోని కార్పస్ క్రిస్టీలో ఉండమంటాను. సముద్రం ఉంది, హోటళ్లకి కొదవలేదు, పొద్దున్నే బయల్దేరితే టూర్‌కి హాయిగా అందుకోవచ్చు. శాకాహారులు మెక్సికన్ హోటళ్లలో ఉడికించిన బీన్స్ చూసి సంబరపడకండి. చాలాచోట్ల పంది కొవ్వు వేస్తారు, అడిగి తినండి. వేసవి మాత్రం వద్దు, చలికాలమే నయం.

చివర్లో ఊళ్లోని జీనుల దుకాణానికి వెళ్లాం. తోలు వాసన, పనితనం రెండూ అద్భుతం. జీను ధర చూసి మా మామయ్యగారు "ఈ రేటుకి మా ఊళ్లో ఎడ్ల జతే వచ్చేది" అని బయటికి నడిచారు. రాంచ్ పశువులకి వేసే రన్నింగ్ డబ్ల్యూ ముద్ర ఉన్న తాళంచెవుల గొలుసు ఒకటి కొన్నాం, అదీ మా వాడు మారాం చేస్తే.