బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ‘గ్రీన్ బిల్డింగ్’ అని ఆఫీస్ కొనేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి

బిల్డర్ పేరు రాయను, లాయర్ వద్దన్నాడు. రాయాల్సిన పని కూడా లేదు. మారతహళ్లి బ్రిడ్జి దాటి ఐటీపీఎల్ టెక్ పార్క్ వైపు రోజూ వెళ్ళేవాళ్ళకి ఆ ఆకుపచ్చ హోర్డింగ్ తెలుసు. మనవాళ్ళు అక్కడ చాలామంది కొన్నారు, ఇంకా కొంటున్నారు. అందుకే రాత్రి పదకొండున్నరకి కూర్చుని ఇది రాస్తున్నా. కోపంలో రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

ముందు సంగతి గబగబా చెప్పేస్తా. 2023 ఆగస్టులో బుక్ చేశా. మూడో అంతస్తులో 680 చదరపు అడుగుల ఆఫీస్. 78 లక్షలు, ఆ పైన 12 శాతం జీఎస్టీ ఇంకో తొమ్మిది లక్షల చిల్లర. మా నాన్న ధర్మవరం దగ్గర ఎకరంన్నర అమ్మి ఇచ్చిన డబ్బు కొంత, మిగతాది లోను. అద్దెకిస్తే ఈఎంఐ దాని పాటికి అదే వెళ్ళిపోతుందని లెక్క వేశా. పోయిన జూన్‌లో రిజిస్ట్రేషన్ అయింది. ఈ రోజు వరకు రూపాయి అద్దె లేదు. ఈఎంఐ 53 వేలు మాత్రం ఐదో తారీఖు తెల్లారేసరికి ఠంచనుగా పోతోంది.

అమ్మినవాడు వాళ్ళ సేల్స్ మేనేజర్. “మాది కదిరి అన్నా, మనం మనం ఒకటి” అన్నాడు మొదటి రోజే. అంతే, పడిపోయా. మా ఆవిడని వదినా అన్నాడు. మా నాన్న చూడ్డానికి వస్తే వంగి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. ఓసీ, అంటే బిల్డింగ్ వాడుకోవచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, ఎప్పుడొస్తుందని అడిగిన ప్రతిసారీ ఒకటే మాట: “వచ్చేసినట్టే అన్నా, యాడికి పోతాది? నేనుండాను కదా, నీకెందుకు టెన్షన్?”

ఇప్పుడు మొన్న గురువారం సంగతి.

నాదీ, పక్క రెండు యూనిట్లూ కలిపి ఒక కంపెనీకి బ్రాంచ్ ఆఫీస్‌గా ఇద్దామని బ్రోకర్ మాట్లాడాడు. స్టాక్ మార్కెట్‌లో లిస్టయిన కంపెనీ. వాళ్ళ ఫెసిలిటీస్ మేడమ్ చూడ్డానికి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయేమో, చేతిలో చిన్న నోట్‌బుక్. లోపలికి వస్తూనే మూడు అడిగింది. ఓసీ కాపీ ఉందా? గ్రీన్ సర్టిఫికెట్ ఫైనల్ కాపీ ఉందా? నెలకి బెస్కాం (బెంగళూరు కరెంటు సంస్థ) కరెంటు ఎన్ని యూనిట్లు, జనరేటర్ ఎన్ని యూనిట్లు? మొదటిదీ మూడోదీ నా దగ్గర లేవు. రెండోది ఉందన్న ధైర్యంతో లాబీలో గోడ మీదున్న ఆకుపచ్చ ఫలకం వైపు, పెళ్ళిలో మండపం చూపించినట్టు చెయ్యి చాపి చూపించా. “మాది ఐజీబీసీ గోల్డ్ బిల్డింగ్ మేడమ్.” ఐజీబీసీ అంటే ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్, గ్రీన్ బిల్డింగులకి రేటింగ్ ఇచ్చేది వాళ్ళే.

ఆవిడ దగ్గరికి వెళ్ళింది. ఫలకం కింద పెద్ద సిమెంటు కుండీలో అరెకా పామ్ ఉంది. దాని ఆకులు ఫలకం కింది సగానికి అడ్డంగా ఉంటాయి. నేను ఆ లాబీలో కనీసం ముప్పైసార్లు నడిచాను. ఆకులున్నాయి, పచ్చగా బాగుంది అనుకున్నానే తప్ప ఇంకేమీ అనుకోలేదు. ఆవిడ కుండీని కాస్త జరిపి, ఒక చేత్తో ఆకులు పక్కకి తీసి, కళ్ళజోడు పైకి జరుపుకుని చదివింది. చదివి నన్ను పిలిచింది. ‘గోల్డ్’ అన్న మాట కింద, చీమతలకాయంత అక్షరాల్లో ‘ప్రీ-సర్టిఫైడ్’. పక్కన 2021.

“ఇది డ్రాయింగులకి ఇచ్చేది సార్. ఇలా కడతాం అని కాగితం మీద చూపిస్తే ఇస్తారు. కట్టాక కరెంటు, నీళ్ళు, వాడిన సామాను అన్నీ చూసి ఇచ్చే ఫైనల్ వేరే ఉంటుంది. అది లేదన్నమాట” అంది. తిట్టలేదు, నవ్వలేదు. అదే నాకు ఇంకా సిగ్గేసింది.

ఆ ఐజీబీసీ ఆఫీసు ఎక్కడో అమెరికాలో లేదు, మన హైదరాబాద్ కొత్తగూడలో ఉంది. ఆ ప్రాంగణంలోని సీఐఐ (పరిశ్రమల సమాఖ్య) భవనానికి 2003లో అమెరికా వాళ్ళ గ్రీన్ రేటింగ్ ‘లీడ్’లో ప్లాటినం వచ్చింది, అమెరికా బయట అలా వచ్చిన మొదటి బిల్డింగ్ అదే. మా బావమరిది ఇల్లు అక్కడికి బండి మీద పది నిమిషాలు. ఒక్కసారి కనుక్కోమని వాడికి ఫోన్ చేసుంటే సరిపోయేది. 78 లక్షలు పెట్టేవాడికి ఒక్క ఫోన్ బరువైపోయింది.

మేడమ్ వెళ్ళాక సేల్స్ మేనేజర్‌ని లాబీలోకి పిలిచా. వచ్చాడు. ఫలకం చూపించా. అతను ముందు ఏమీ మాట్లాడలేదు. ఆవిడ జరిపిన కుండీని బూటుతో మెల్లగా వెనక్కి తోశాడు. ఆకులు మళ్ళీ ఆ అక్షరాల మీదికి వచ్చేదాకా తోశాడు. అప్పుడు నా వైపు తిరిగి, “సార్, మీరు సాఫ్ట్‌వేర్ వాళ్ళు, ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళు. కింద రాసింది చదువుకోకుండా కొంటే మేమేం చేస్తాం?” అన్నాడు.

సార్ అట. రెండేళ్ళు అన్నా, అన్నా అన్న నోటితోనే.

“కుండీ వెనకాల పెడితే ఎలా చదవాలి?” అన్నా. “కుండీలు మెయింటెనెన్స్ వాళ్ళు పెడతారు సార్, సేల్స్‌కి సంబంధం లేదు.” అని ఫోన్ చూసుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. ఆ బూటు చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. డబ్బు పోయినందుకంటే దానికే నాకు ఎక్కువ మండుతోంది.

ఆ మధ్యాహ్నమే ఇంకో ఇద్దరు ఓనర్లతో కూర్చుని, ఓసీ ఎందుకు రాలేదో తవ్వాం. కేంద్రం 2006లో ఇచ్చిన పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు, ఆ పైన కట్టేవాటికి పునాది తవ్వకముందే పర్యావరణ అనుమతి తీసుకోవాలి. మావాడు ప్లాన్‌లో 19,600 చూపించాడు. గీత కింద భద్రంగా. తర్వాత పైన ఒక అంతస్తు ఎక్కువ లేపాడు. గీత దాటింది. అనుమతి లేదు, ప్లాన్ ప్రకారమూ లేదు, ఇంక ఓసీ ఎవరిస్తారు? అడిగితే “రూల్స్ మారిపోతున్నాయి సార్, మేమేం చేస్తాం” అని కొత్త పాట. నిజమే, కట్టేశాక ఇచ్చే పర్యావరణ అనుమతులు చెల్లవని సుప్రీంకోర్టు 2025 మేలో అంది, నవంబర్‌లో ముగ్గురు జడ్జీల బెంచ్ 2:1తో ఆ తీర్పును వెనక్కి తీసుకుంది. “చూశారా, ఇంక రెండు నెలల్లో వచ్చేస్తుంది” అంటున్నారు. అయ్యా, 2006 నాటి రూల్ నిన్న మారిందా? హోర్డింగ్ మీద పర్యావరణం, ప్లాన్‌లో పర్యావరణానికి టోపీ.

ఓసీ లేకపోతే ఏమవుతుంది, బెంగళూరులో సగం బిల్డింగులకి లేదుగా అని నేనూ అనుకున్నా. పాత రోజులు పోయాయి. 2024 డిసెంబర్ 17న మీరట్ కేసులో సుప్రీంకోర్టు, కంప్లీషన్ లేదా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూపించాకే కరెంటు, నీళ్ళ కనెక్షన్లు ఇవ్వాలని చెప్పింది. ఆ తర్వాత ఇక్కడ బెస్కాం కూడా ఓసీ లేని బిల్డింగులకి పర్మనెంట్ కనెక్షన్ ఆపేసింది. మా ‘గ్రీన్’ బిల్డింగ్ ఇప్పుడు దేని మీద నడుస్తోందనుకున్నారు? డీజిల్ మీద. కట్టేటప్పుడు తీసుకున్న టెంపరరీ కనెక్షన్ లిఫ్టుకీ, లాబీ లైట్లకీ సరిపోతుంది. ఏసీ వేయాలంటే బేస్‌మెంట్‌లో జనరేటర్ మొదలవ్వాలి, యూనిట్‌కి 26 రూపాయలు మా దగ్గర వసూలు చేస్తున్నారు. సాయంత్రం ర్యాంపు దిగితే కళ్ళు మండుతాయి.

అదే ఆ మేడమ్ మూడో ప్రశ్న. పెద్ద లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి స్టాక్ మార్కెట్‌ని చూసే సెబీ రూల్ ప్రకారం ఏటా రిపోర్ట్ ఇవ్వాలి, ఎంత కరెంటు వాడారు, ఎంత ఇంధనం కాల్చారు అన్నీ అందులో ఉంటాయి. డీజిల్ తాగే ఆఫీస్ తీసుకుంటే ఆ లెక్క వాళ్ళ నెత్తిన. గ్రీన్ బిల్డింగ్‌కి అద్దె ఎక్కువ వస్తుందని సేల్స్ వాడు చెప్పింది అబద్ధం కాదు. ఆ బిల్డింగ్ మాది కాదు, అంతే.

ఇంకోటి. బ్రోషర్ ఆరో పేజీలో ‘ఈసీబీసీ కంప్లయంట్, డబుల్ గ్లేజింగ్’ (రెండు పొరల అద్దం) అని ఉంది. ఈసీబీసీ అంటే కమర్షియల్ బిల్డింగులకి కేంద్రం పెట్టిన ఇంధన పొదుపు కోడ్, 100 కిలోవాట్ల లోడు ఉన్నవాటి నుంచి వర్తిస్తుంది. మామూలు దారిలో వెళ్తే గోడలో అద్దం 40 శాతం దాటకూడదు. దాటితే బిల్డింగ్ మొత్తం కరెంటు లెక్క వేసి చూపించాలి. మా పడమటి వైపు నేల నుంచి సీలింగ్ దాకా అద్దమే. మధ్యాహ్నం మూడింటికి అక్కడ ఒక మూల చిన్న బుడగ కనపడితే గోరుతో గీకా. నల్లటి పొర పాముకుబుసంలా ఊడి వచ్చింది. ఒంటి అద్దం, దానికి ఫిల్మ్. కార్లకే ఫిల్మ్ వద్దని సుప్రీంకోర్టు 2012లో అంది, మిగిలిపోయిన రోల్స్ అన్నీ మా బిల్డింగ్‌కి అంటించినట్టున్నారు. ఆ ఈసీబీసీ కోడ్ లెక్కలో బెంగళూరుది సమశీతల వాతావరణం. మా ఆఫీస్‌లో మాత్రం ఏప్రిల్‌లో కడప.

నా తెలివితక్కువతనం గురించి కూడా రాయాలి, లేకపోతే న్యాయం కాదు. ఓసీ వచ్చాక అమ్మే ఆఫీసుకి జీఎస్టీ ఉండదు. కట్టడంలో ఉన్నదానికే జీఎస్టీ. “ఓసీ వచ్చేసినట్టే” అంటూనే పోయిన మేలో చివరి విడతకి కూడా 12 శాతం వేసి బిల్లు పంపారు. ఆ బిల్లే చెప్తోంది ఓసీ లేదని! దాన్ని ప్రింట్ తీసుకుని, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, దేవుడి గూట్లో దాచుకున్న మహానుభావుణ్ణి నేను. మా ఆవిడ శుక్రవారం దీపం పెడుతూ దాన్ని చూసి ఏమీ అనలేదు. పక్కకి జరిపింది, అంతే.

మేడమ్ నుంచి నిన్న మెసేజ్ వచ్చింది. ఫైనల్ సర్టిఫికెట్, ఓసీ వచ్చాక మాట్లాడదాం అని. పక్క రెండు యూనిట్ల వాళ్ళూ నాతో పాటే పోయారు.

సలహా అంటే ఏముంది. ఓసీ కాపీ మీ కళ్ళతో చూడండి, ‘అప్లై చేశాం’ అన్న రసీదు కాదు. గ్రీన్ సర్టిఫికెట్‌లో ప్రీ అన్న మాట ఉందేమో చూడండి, కుండీ ఉంటే జరిపి చూడండి. మీటర్ బెస్కాం పర్మనెంటా, టెంపరరీయా అడగండి. 20,000 చదరపు మీటర్లకి కాస్త కిందున్న ప్లాన్ కనపడితే పైన అంతస్తులు లెక్కపెట్టుకోండి. బ్రోషర్ పారేయకండి. ప్రకటనలో అబద్ధం చెప్పి అమ్మితే, రియల్ ఎస్టేట్ కొనేవాళ్ళ కోసం ఉన్న రెరా చట్టం 12వ సెక్షన్ కింద అడగొచ్చని మా లాయర్ అన్నాడు, ఆఫీసులకీ షాపులకీ కూడా ఆ చట్టం వర్తిస్తుంది.

ఈ రోజు సాయంత్రం ఏడింటికి అదే సేల్స్ మేనేజర్ నంబర్ నుంచి వాట్సాప్ వచ్చింది. అందరికీ ఒకేసారి పంపే మెసేజ్ అనుకుంటా. “నమస్తే అన్నా, సర్జాపూర్ రోడ్డులో మన కొత్త ప్లాటినం ప్రాజెక్ట్, ప్రీ-లాంచ్ రేటు.” మళ్ళీ అన్నానైపోయా.

సోమవారం కర్ణాటక రెరాలో కంప్లైంట్ వేస్తున్నాం. ఇప్పటికి పదకొండు మందిమి. అదే బిల్డింగ్‌లో కొన్నవాళ్ళుంటే ఆదివారం లోపు నాకు మెసేజ్ పెట్టండి. బ్రోషర్ ఆరో పేజీ ఫోటో, చివరి విడత జీఎస్టీ బిల్లు దగ్గర పెట్టుకోండి.