వాల్యూమ్ గుర్తు మాయమైన రోజు నుంచి: మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈతో ఆరేళ్లు

హనుమకొండ చౌరస్తా దగ్గరి గల్లీలో మాది చిన్న రికార్డింగ్ దుకాణం. ప్రచార ఆటోలకు మైక్ మాటలు రికార్డు చేసి పెన్‌డ్రైవ్‌లో వేసిస్తాం. చీరల సేల్, కొత్త బిర్యానీ హోటల్, వార్డులో నీళ్ల బంద్, బతుకమ్మ పోటీలు, అన్నీ మా గొంతులోంచే పోతాయి. ఎలక్షన్లొస్తే రాత్రీ పగలూ ఉండదు. మేడారం జాతర ముందు నెల అయితే చెప్పేదే లేదు. మా బతుకంతా సౌండు మీదే కనుక, తెర మూలన గోరంత ఉండే వాల్యూమ్ గుర్తు గురించి ఇంత పొడుగు సమీక్ష రాస్తున్నానని నవ్వకండి.

2020 జనవరి 14తో విండోస్ 7కు మద్దతు ఆగిపోయింది. మా దగ్గరున్నది 4 జీబీ ర్యామ్ పాత డబ్బా. విండోస్ 10 ఎక్కించి చూస్తే, మేం రికార్డింగ్‌కు వాడే ఆడాసిటీ తెరుచుకునేలోపు కిందికి పోయి చాయ్ తాగి రావచ్చు. తెలిసిన అబ్బాయి ఒకడు విండోస్‌కు బదులు లినక్స్ మింట్ 19.3 అనే సిస్టమ్ వేసిచ్చాడు, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్‌తో. 2023 ఏప్రిల్‌తో దాని గడువు ముగిస్తే 21 వేసుకున్నా, ఆ తర్వాత 22. ఆరేళ్లలో డబ్బా మారలేదు, ఒక్క ఎస్‌ఎస్‌డీ మాత్రం కలిసింది. వేగం సంగతి అందరూ రాసేదే, నేను మళ్లీ చెప్పను. బాగుంది, అంతే.

అసలు కథ 2022 ఫిబ్రవరిది. జాతర 16న మొదలు. అంతకు నాలుగు రోజుల ముందు ఒక బెల్లం వ్యాపారి ట్రాలీ ఆటోతో వచ్చి నిలబడ్డాడు. అమ్మవార్లకు నిలువెత్తు బంగారం ఇక్కడే తూకం వేసుకోండి అని చెప్పాలి. మేడారంలో బంగారమంటే బెల్లమేనని మనవాళ్లకు చెప్పక్కర్లేదు కదా. రికార్డింగ్ అయిపోయింది. ఒకసారి విని పంపిద్దామని ప్లే నొక్కితే చప్పుడు లేదు.

"అన్నా, సౌండ్ వస్తలేదు" అన్నాడు మా దగ్గర పనిచేసే పిల్లగాడు.

"వైరు చూసినవా?"

"చూసిన. అసలు ఆ స్పీకర్ బొమ్మనే లేదన్నా."

చూస్తే నిజమే. ప్యానెల్‌లో, అంటే తెర అంచున ఉండే పట్టీలో, గడియారం ఉంది, వైఫై ఉంది, వాటి మధ్యన వాల్యూమ్ గుర్తు ఉండే చోటు ఖాళీ. కీబోర్డు మీది వాల్యూమ్ మీటలు నొక్కాం, ఉలుకూ పలుకూ లేదు. యాంప్లిఫైయర్ మార్చాం. సిస్టమ్ ఆపి మళ్లీ వేశాం. బయట డ్రైవరు హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు: "తాడ్వాయి దాక పోవాలె, జల్ది జెయ్యుండ్రి!" సౌండ్ కార్డు కాలిపోయిందని ఖాయం చేసుకున్నా. కొత్త కార్డుకు ఎంతవుతుందో ఒక దుకాణానికి ఫోన్ కూడా చేశా. వాళ్లు మొత్తం మదర్‌బోర్డు మార్చాలన్నారు.

అప్పటికి ఆ పెన్‌డ్రైవ్‌ను నా ల్యాప్‌టాప్‌లో పెట్టి విని పంపించేశాం. సాయంత్రం తీరిగ్గా కూర్చుంటే అర్థమైంది, కాలింది ఏదీ లేదు. వరసగా మూడు చిన్న తప్పులు జరిగాయి, అంతే.

మొదటిది మౌస్. దాని చక్రం అరిగిపోయి, తిప్పబోతే లోపలికి దిగుతోంది. ఎక్స్‌ఎఫ్‌సీఈలో వాల్యూమ్ గుర్తు మీద చక్రం తిప్పితే సౌండు పెరుగుతుంది, తగ్గుతుంది. అదే చక్రాన్ని నొక్కితే మ్యూట్. పిల్లగాడు పెంచుదామని తిప్పాడు, నొక్కుడు పడింది, నోరు మూసుకుంది. రెండోది, గుర్తు మీద గీత పడేసరికి కంగారుపడి కుడి క్లిక్ చేశాడు. ఆ మెనూలో 'మూవ్' అని ఒకటి, దాని కిందనే 'రిమూవ్' అని ఇంకొకటి. రెండక్షరాలే తేడా. తీసేస్తే ఇది శాశ్వతంగా పోతుందని పెట్టె ఒకటి అడిగిందట కూడా. "మ్యూట్ పోతదేమో అనుకున్న అన్నా" అన్నాడు. వాణ్ని తిట్టడానికి నోరు రాలేదు, ఆ తొందరలో నేనైనా అదే చేసేవాణ్ని.

మూడోదే నన్ను పొద్దంతా తిప్పింది. కీబోర్డు మీది వాల్యూమ్ మీటలు పనిచేసేది ఆ గుర్తు వల్లే. ఎక్స్‌ఎఫ్‌సీఈలో ఆ మీటల్ని వినేది ప్యానెల్‌లోని ఈ ప్లగినే (ఆ గుర్తు వెనకుండే చిన్న ప్రోగ్రామ్), దాని ప్రాపర్టీస్‌లో అందుకు ఒక టిక్ పెట్టె కూడా ఉంటుంది. ప్లగిన్ పోతే మీటలూ మూగబోతాయి. గుర్తు లేదు, మీటలు పలకవు, సౌండు మ్యూట్‌లో ఉంది. ఈ మూడూ ఒకేసారి చూసినవాడెవడైనా కార్డు పోయిందనే అంటాడు.

తిరిగి తెచ్చుకోవడం రెండు నిమిషాల పని. ప్యానెల్‌లో ఖాళీ చోట కుడి క్లిక్, ప్యానెల్, అందులో యాడ్ న్యూ ఐటమ్స్. జాబితా వస్తుంది. అక్కడ వాల్యూమ్ అనే పేరు కోసం వీ అక్షరం దగ్గర ఎంత వెతికినా దొరకదు. దాని పేరు పల్స్‌ఆడియో ప్లగిన్ (పల్స్‌ఆడియో అంటే లోపల సౌండు నడిపే ప్రోగ్రామ్), పీ దగ్గర ఉంటుంది. పైన వెతుకుడు పెట్టెలో పల్స్ అని కొడితే నేరుగా కనిపిస్తుంది. యాడ్ నొక్కితే ప్యానెల్ చివర, గడియారం అవతల వచ్చి కూర్చుంటుంది. అప్పుడు మాత్రం మూవ్ నొక్కి (మూవ్ మాత్రమే!) దాని పాత చోటుకు జరుపుకోవాలి. శాశ్వతంగా పోతుందని బెదిరించిన వస్తువు పక్క గదిలోనే ఉంటుందన్నమాట. పోయేది మీరు దానికి పెట్టుకున్న సెట్టింగులు మాత్రమే.

ఒకవేళ జాబితాలోనే పల్స్‌ఆడియో ప్లగిన్ లేకపోతే ఆ ప్యాకేజీయే లేదని అర్థం. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ4-పల్స్‌ఆడియో-ప్లగిన్ (xfce4-pulseaudio-plugin) అని వెతికి వేసుకుంటే జాబితాలోకి వస్తుంది. చాలా పాత ఎక్స్‌ఎఫ్‌సీఈ వాడినవాళ్లు అప్పటి వాల్యూమ్ ప్లగిన్ ఎక్స్‌ఎఫ్‌సీఈ4-మిక్సర్ కోసం వెతుకుతుంటారు. అది ఒక దశలో మూలన పడింది. అది జీస్ట్రీమర్ అనే సౌండు, వీడియో లైబ్రరీ 0.10 మీద కట్టిన ఇల్లు, 1.0 వచ్చినప్పుడు దాని కింది మిక్సర్ భాగాన్నే తీసేశారు.

ఆ సాయంత్రమే ఇంకో సంగతి నేర్చుకున్నా. గుర్తు ఉన్నా లేకున్నా టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) తెరిచి ఆల్సామిక్సర్ (alsamixer) అని కొడితే సౌండు కడ్డీలు వరసగా నిలబడతాయి. మాస్టర్ కింద రెండు ఎం అక్షరాలు కనిపిస్తే మ్యూట్‌లో ఉన్నట్టు. బాణం మీటలతో అక్కడికి పోయి ఎం నొక్కితే తెరుచుకుంటుంది. ఆటో బయట నిలబడ్డప్పుడు ఇది తెలిసి ఉంటే ఆ హారన్ మోత తప్పేది.

రెండోసారి 2024లో, 22 వేసుకున్న వారానికి. ఈసారి గుర్తు ఉంది కానీ పలకదు. నొక్కితే కదలిక లేదు, మౌస్ దాని మీద ఉంచితే పల్స్‌ఆడియో సర్వర్‌తో సంబంధం లేదని చెబుతోంది. పాటలు మాత్రం మోగుతున్నాయి! మింట్ 22లో సౌండు వ్యవహారమంతా పల్స్‌ఆడియో నుంచి పైప్‌వైర్ అనే కొత్త ప్రోగ్రామ్ చేతికి వెళ్లింది. అది పాత పల్స్‌ఆడియో భాషలోనూ మాట్లాడగలదు కనుక ఈ ప్లగిన్ దానితోనూ నడుస్తుంది. దుకాణం కొత్త ఓనరు చేతికి వచ్చినా పాత ఓనరు పేరుతోనే బోర్డు ఉన్నట్టు. ఆ రోజు వీళ్లిద్దరి మధ్య మాట కలవలేదు, అంతే. టెర్మినల్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ4-ప్యానెల్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, చిన్న గీత పెట్టి ఆర్ అక్షరం (xfce4-panel -r). ప్యానెల్ ఒక్క క్షణం మాయమై మళ్లీ వచ్చింది, గుర్తుకు ప్రాణమొచ్చింది. ఇప్పుడు ఏ తేడా కనిపించినా నేను ముందు చేసేది ఇదే.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక. ప్యానెల్ సెట్టింగుల ఫోల్డర్ తీసేయండి, అన్నీ మొదట్లోలా వస్తాయి అని ఎవరో ఒకరు చెబుతారు. ఒకసారి విన్నా. వాల్యూమ్ గుర్తు వచ్చింది కానీ, నేను రెండేళ్లుగా ఒక్కొక్కటే పేర్చుకున్న లాంచర్లన్నీ (ప్రోగ్రాములు తెరిచే గుర్తులు) పోయాయి. ఎలుక కోసం ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఇదే. దాని బదులు ప్యానెల్ ప్రొఫైల్స్ అనే చిన్న పనిముట్టు వేసుకోండి. ప్యానెల్ మీకు నచ్చినట్టు ఉన్న రోజున ఒక పేరు పెట్టి దాచుకుంటే, ఎవడు ఏది రిమూవ్ నొక్కినా ఒక్క క్లిక్‌లో పాత వరస తిరిగొస్తుంది. మా ప్యానెల్ 'జాతర' అనే పేరుతో దాచి ఉంది.

ప్లగిన్ పనితనం విషయానికొస్తే నాకు బాగా నచ్చింది. గుర్తు మీద ఒక క్లిక్ కొడితే స్పీకర్ కడ్డీ, మైక్ కడ్డీ, నడుస్తున్న ప్లేయర్‌ను ఆపే బటన్లు అన్నీ ఒకే చిన్న పెట్టెలో. నాకు మైక్ కడ్డీయే ముఖ్యం. ప్రచారం చెప్పేవాళ్లు మొదటి మాట మామూలుగా చెప్పి, రెండో మాటకు గొంతు చించుకుంటారు. నూటికి డెబ్బై దగ్గర పెట్టి మొదలుపెడితే అరుపు చీలదు. ఈ పని కోసం ప్రతిసారీ పావుకంట్రోల్ అనే పెద్ద సౌండు సెట్టింగుల కిటికీ తెరవక్కర్లేదు. అయితే దుకాణంలో టీవీకి హెచ్‌డీఎంఐ తగిలించిన రోజు మాత్రం దాన్ని తెరవాల్సిందే. గుర్తు బాగానే ఉంటుంది, కడ్డీ కదులుతుంది, సౌండు మాత్రం టీవీలోకి పోయి కూర్చుంటుంది. పావుకంట్రోల్‌లో అవుట్‌పుట్ మారిస్తే వెనక్కి వస్తుంది.

కరీంనగర్‌లో మా చెల్లె ఇంట్లో మింటే, కానీ మాటే (MATE) అనే వేరే డెస్క్‌టాప్‌తో ఉంది. అక్కడ తంతు వేరు. వాల్యూమ్, వైఫై లాంటివన్నీ నోటిఫికేషన్ ఏరియా అనే ఒకే బుట్టలో ఉంటాయి. పిల్లలు ఆ బుట్టను తీసేస్తే అన్నీ ఒక్కసారే పోయాయి. "నెట్ కూడా పోయిందే" అని ఫోన్. యాడ్ టు ప్యానెల్‌లో నోటిఫికేషన్ ఏరియా పెట్టించా, అన్నీ కలిసే తిరిగొచ్చాయి. ఒక్క గుర్తే పోయిందా, పక్కవి కూడా పోయాయా అని అడిగితే సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

నా ఫిర్యాదులు రెండే. ఆ ప్లగిన్ పేరులో వాల్యూమ్ అనే మాట ఉండాలి. పల్స్‌ఆడియో అంటే ఏమిటో బెల్లం వ్యాపారికి తెలియదు, అప్పట్లో నాకూ తెలియదు. రెండు, మూవ్ పక్కన రిమూవ్ పెట్టినవాడు మా దుకాణంలో ఒక్క జాతర సీజన్ పనిచెయ్యాలి. అయిదుకు నాలుగు ఇస్తా.

2026 జనవరి జాతరకు ముందు 300 పెట్టి కొత్త మౌస్ కొన్నా. చక్రం గట్టిగా ఉంది, నొక్కాలంటే వేలు నొప్పి పుట్టాలి. పాత మౌస్‌ను పిల్లగాడు ఇంటికి తీసుకుపోయాడు. వాడి ల్యాప్‌టాప్‌లోనూ మింటే వేసిచ్చా. వారం తిరగకముందే రాత్రి పదింటికి ఫోన్ మోగింది.

"అన్నా, మళ్ల సౌండ్ వస్తలేదే."