యాభై గేమ్స్ ఫ్రీ అన్నాడంటే ఒక్క నిమిషం ఆగండి

బెజవాడలో సెకండ్ హ్యాండ్ ప్లేస్టేషన్, అంటే టీవీకి తగిలించి ఆడే గేమ్ మిషన్, కొనడానికి బయల్దేరేవాళ్లు ఇది చదివి వెళ్లండి. షాపు పేరు రాయను. రాసినా మీకు పెద్ద ఉపయోగం లేదు, అదే సరుకు పక్క సందులో ఇంకో బోర్డు కింద దొరుకుతుంది.

సంక్రాంతికి మా అక్క కొడుకు గుంటూరు నుంచి వస్తున్నాడు. ఇంటర్ ఫస్టియర్, పాపం నాలుగు రోజులే సెలవు. వాడి కోసమని గవర్నర్‌పేట వైపు ఒక షాపులో పీఎస్4 స్లిమ్ చూశాను. 14,000 చెప్పి 12,500కి దిగాడు. "యాభై గేమ్స్ లోపలే ఉన్నాయి సార్, మీరు ఒక్క డిస్కు కూడా కొనక్కర్లేదు" అన్నాడు. కొత్త డిస్కు ఒక్కోటి మూడు నాలుగు వేలుండే చోట యాభై ఊరికే ఎలా ఇస్తాడని నాకు తట్టలేదు. కారు రేసు ఒకటి ఆడించి చూపించాడు, బాగానే ఉంది. డబ్బా కడుతూ, చిల్లర తిరిగిస్తున్నంత మామూలుగా, "అప్‌డేట్ అడుగుద్ది, అది మాత్రం కొట్టకండి" అన్నాడు. ఆ మాట దగ్గరే లేచి వచ్చేయాల్సింది.

భోగి రోజు సాయంత్రం కరెంటు పోయి పది నిమిషాల్లో వచ్చింది. మళ్లీ ఆన్ చేస్తే ప్రతి గేమ్ బొమ్మ మీదా చిన్న తాళం గుర్తు. ఏది నొక్కినా తెరుచుకోదు. షాపుకి ఫోన్ చేస్తే "పెన్‌డ్రైవ్ పెట్టి బ్రౌజర్ ఓపెన్ చేయండి సార్" అన్నాడు. ఏ పెన్‌డ్రైవ్? డబ్బా అంతా వెతికినా లేదు. మావాడు మాత్రం నవ్వేశాడు. "మామయ్యా, నీకు జైల్‌బ్రేక్ చేసింది అంటగట్టారు" అన్నాడు. జైల్‌బ్రేక్ అంటే కంపెనీ పెట్టిన అడ్డుకట్టల్ని దొడ్డిదారిన తప్పించడమట.

సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూస్తే సాఫ్ట్‌వేర్ 9.00 అని ఉంది. అది 2021 నాటిది. అందులో ఉన్న ఒక లొసుగు పట్టుకుని కాపీ గేమ్స్ ఆడిస్తారట. మిషన్ ఆపేస్తే ఆ కిటుకు పోతుంది, ఆన్ చేసిన ప్రతిసారీ పెన్‌డ్రైవ్‌తో మళ్లీ మొదటి నుంచి. అప్‌డేట్ చేశామా, లొసుగు మూసుకుపోతుంది, దాంతోపాటే యాభై గేమ్సూ పోతాయి. చేయకపోతే ఆన్‌లైన్‌లోకి రానివ్వదు, కొత్త డిస్కు పెడితే ముందు అప్‌డేట్ చేయమని అక్కడే ఆగిపోతుంది. మావాడికి కావాల్సింది గుంటూరులో ఫ్రెండ్స్‌తో ఫుట్‌బాల్ ఆడటం. పోతే పోనీ అని అప్‌డేట్ కొట్టాం. తీరా సైన్ ఇన్ అవ్వబోతే, ఈ కన్సోల్‌ని నెట్‌వర్క్ నుంచి బ్యాన్ చేశామని మెసేజ్! నా అకౌంట్ కాదు, మిషన్‌నే. పాత ఓనరు కాపీ గేమ్స్‌తో ఆన్‌లైన్‌కి వెళ్లి ఉంటాడని మావాడి లెక్క. ఆ బ్యాన్ మిషన్‌కి అంటుకునే ఉంటుంది. ఎన్ని చేతులు మారినా, ఎవరి అకౌంట్ పెట్టినా అంతే.

షాపుకి వెళ్తే నేను దాచుకున్న కాగితాన్నే నాకు చూపించాడు. కింద చిన్న అక్షరాలతో "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని ఉంది. పైన జీఎస్టీ నంబరు లేదు, సీరియల్ నంబరు లేదు, ఎస్టిమేట్ అని ఉంది. బిల్లు అనుకుని పర్సులో భద్రంగా పెట్టుకున్నది అది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. బిల్లు ఉందా అన్న ప్రశ్న దగ్గర మాత్రం నోరు పెగల్లేదు.

మీరు వెళ్తే మీ డిస్కు ఒకటి తీసుకెళ్లండి, లేకపోతే ఎవరినైనా అడిగి పట్టుకెళ్లండి. షాపులోనే మీ ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి, అప్‌డేట్ చేయించి, మీ అకౌంట్‌తో సైన్ ఇన్ అయ్యాకే డబ్బులివ్వండి. వద్దని నసిగితే నమస్కారం పెట్టి వచ్చేయండి. మిషన్ వెనకో కిందో ఉండే సీరియల్ నంబరు బిల్లు మీద రాయించండి. వెనక గాలి సందుల్లోకి ఫోన్ టార్చ్ వేసి చూడండి. వెచ్చగా ఉంటుంది కదా, బొద్దింకలు కాపురం పెట్టేస్తాయి. నా దాంట్లో మూడు కనిపించాయి.

అదే షాపువాడు నాకు పీఎస్5 డిజిటల్ కూడా అంటగట్టబోయాడు, "అవే గేమ్స్ సార్, పదివేలు తక్కువ" అని. 2021లో మన దగ్గరకు వచ్చినప్పుడు తేడా అంతే, డిస్కు పెట్టేది 49,990, డిజిటల్ 39,990. కానీ ఆ పాత డిజిటల్ మోడల్లో డిస్కు పెట్టే చోటే లేదు, తర్వాత బిగించుకోవడానికీ లేదు. డిస్కు కొని, ఆడి, అమ్మేసి ఇంకోటి కొనుక్కునే మనలాంటి ఇళ్లకి అది దండగ. ఇది నా అభిప్రాయం, వేరేవాళ్లకి వేరేలా ఉండొచ్చు.

మోసపోవాలని రాసిపెట్టి ఉంటే ఒక్కదానితో ఆగదు. అదే వారం లెనిన్ సెంటర్లో పాత పుస్తకాలు చూస్తూ ఒక లావుపాటి అనువాద నవల కొన్నాను. చాలా కష్టమైన పుస్తకమని పేరు. అది చదివానని చెప్పుకోవాలని ఎప్పటినుంచో సరదా. ప్లాస్టిక్ కవర్లో ఉంది, విప్పి చూడలేదు. సగం దాకా ఎలాగో లాగాను. ఒకచోట పెళ్లి మాటలు నడుస్తుండగా పేజీ తిప్పితే ఎవరో చచ్చిపోయి ఉన్నారు. రచయిత కావాలనే అలా రాశాడేమో, గొప్ప పుస్తకాలు ఇలాగే ఉంటాయేమో, నా బుర్రకే అందట్లేదేమో అనుకుని రెండు రాత్రులు వెనక్కీ ముందుకీ తిప్పాను. మూడో రోజు మా ఆవిడ పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరుగుతూ, "240 తర్వాత 257 వస్తుందా?" అంది.

పదహారు పేజీలు, సరిగ్గా ఒక ఫారం (ప్రెస్సులో ఒకే కాగితం మీద అచ్చేసి మడిచే పేజీల కట్ట), బైండింగ్‌లోనే ఎగిరిపోయింది. మామూలు నవల అయితే ఆ క్షణమే పట్టేసేవాణ్ణి. కష్టమైన పుస్తకం కాబట్టి తప్పు నాదే అనుకున్నా. కవర్ చించించి, పేజీ నంబర్లు ఒకసారి గబగబా తిప్పి చూసుకుని కొనండి, విప్పనివ్వకపోతే వదిలేయండి. పుస్తకాలబ్బాయి మాత్రం మంచివాడు, మారుమాట్లాడకుండా డబ్బులిచ్చేశాడు. కన్సోల్ షాపువాడు ఇప్పుడు నా ఫోన్ ఎత్తట్లేదు.